అపరాధ చిత్రాల వెనుక వినిపించిన సరిహద్దు స్వరం: చెళ్ళపిళ్ళ సత్యం

సినిమా చూచి ఇంటికి వచ్చిన ప్రేక్షకుడు పాటను గుర్తుంచుకొంటాడు. పాడినవారి పేరును, ఒక్కొక్కప్పుడు వ్రాసినవారి పేరును కూడా గుర్తుంచుకొంటాడు. కాని చీకటి గదిలో తలుపు కిర్రుమని తెరుచుకొన్నప్పుడు తన గుండె వేగాన్ని పెంచిన సంగీతం ఎవరిదో అతనికి పట్టదు. హంతకుని బూటుకాళ్ళు మాత్రమే తెరపై కనిపించేవేళ వెనుక నుండి సన్నగా పలికిన ట్రంపెట్టు ఎవరి ఊహలో పుట్టిందో ఎవరూ అడగరు. చిత్ర పరిశ్రమలో ఈ పనికి రీరికార్డింగు అని పేరు. గ్రంథాలలో దీనినే నేపథ్య సంగీతం అంటారు. తెలుగు తెరపై పిస్తోళ్ళు, గుర్రాలు, గూఢచారులు, క్లబ్బు నృత్యాలు వెల్లువెత్తిన 1970ల కాలంలో ఈ పేరులేని పనిని భుజాన మోసినవారిలో చెళ్ళపిళ్ళ సత్యం ఒకరు. గోసాని నువాగాం మొదలు ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, పార్వతీపురం దాకా సరిహద్దుకు ఇరువైపులా ఉన్న తెలుగు కుటుంబాలకు ఆయన పాటలు కంఠస్థమే. ఆయన మన సరిహద్దు పల్లె బిడ్డ అన్న సంగతి మాత్రం అందరికీ తెలియదు.

ఆయన అసలు పేరు చెళ్ళపిళ్ళ సత్యనారాయణ. స్వగ్రామం పార్వతీపురానికి ఎగువన, కొమరాడ ప్రాంతంలోని గుణానుపురం. జననం 1933. నాగావళి, జంఝావతి నీళ్ళు పారే ఈ ప్రాంతం అప్పట్లో మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణం జిల్లాకు చెందినది. రాయగడ కూడా ఆ జిల్లాలోనే ఉండేది. బరంపురం పొరుగున ఉన్న గంజాం జిల్లాలో, అదీ మద్రాసు రాజధానిలోనే ఉండేది. సత్యం మూడేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడు, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి, బంధుత్వాల నడుమ ఒక గీత పడింది. ఆ తరువాత ఆయన ఊరు ఉన్నచోటనే ఉన్నది గాని జిల్లాలే దానిని దాటిపోయాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. 1979లో విజయనగరం జిల్లా వచ్చి పార్వతీపురం ప్రాంతాన్ని తనలో కలుపుకొన్నది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయినది. ఒక మనిషి పుట్టిన ఊరికి ఇన్ని చిరునామాలు మారడం సరిహద్దువారికి క్రొత్త విషయం కాదు.

ఆ ప్రాంతాన్ని వెనుకబడినదని వ్రాయడం ఒక అలవాటుగా మారింది. సంగీతం విషయంలో ఆ మాట చెల్లదు. విజయనగరంలో 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. ఘంటసాల వేంకటేశ్వరరావు విద్యార్థిగా వచ్చి చదువుకొన్నది ఆ ఊరనే. పి. సుశీల పుట్టిన ఊరు అదే. సాలూరు సమీపంలోని శివరామపురంలో 1922లో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు సత్యం కంటే ఒక తరం ముందుగా మద్రాసు చేరి, జెమినీ సంస్థ వారి ‘చంద్రలేఖ’ (1948) వంటి చిత్రాలలో పాశ్చాత్య వాద్యాలను భారతీయ రాగాలతో కూర్చి చూపారు. భారీ ఢంకాల నృత్యంతో దేశమంతటా పేరుపొందిన ఆ చిత్రానికి సంగీతం చేసినవారు మన సాలూరు ప్రాంతపువారని నాటి ప్రేక్షకులలో ఎందరికి తెలుసునో! కాబట్టి గుణానుపురం నుండి బయలుదేరిన యువకునికి ముందే ఒక బాట పడి ఉన్నది. రాయపూరు దాకా సాగిన రైలుమార్గం ఒకవైపు, హౌరా మద్రాసు మార్గం మరొకవైపు ఈ సీమను లోకానికి కలిపాయి. మద్రాసు వెళ్ళడం కష్టమే గాని ఊహకు అందని పని కాదు.

మద్రాసులో ఆయనకు లభించిన పెద్ద ఆశ్రయం పి. ఆదినారాయణరావు. కాకినాడ నాటకరంగం నుండి వచ్చిన ఆదినారాయణరావు, భార్య అంజలీదేవితో కలిసి అంజలీ పిక్చర్స్ సంస్థను నడిపారు. ‘అనార్కలి’ (1955), ‘సువర్ణసుందరి’ (1957) చిత్రాల సంగీతంతో ఆయన కీర్తి తెలుగుదేశపు ఎల్లలు దాటింది. సత్యం ఆయనవద్ద సహాయకునిగా చేరి పని నేర్చుకొన్నారు. సహాయకుడు అన్న మాట విని అది చిన్న ఉద్యోగమని భావించరాదు. సంగీత దర్శకుడు హార్మోనియం మీద కట్టిన వరుసను వాద్యబృందానికి స్వరాలుగా వ్రాసి ఇవ్వడం, గాయకులకు నేర్పడం, ఏ వాద్యం ఎక్కడ ప్రవేశించాలో గుర్తుపెట్టుకొనడం, రికార్డింగునాడు చేయి చూపి బృందాన్ని నడిపించడం, చివరకు ఎవరికీ ఓపిక మిగలని రీరికార్డింగు రోజులలో రాత్రింబవళ్ళు స్టూడియోలో ఉండడం సహాయకుని విధులు. పాటలకు పేరు గురువుకు దక్కుతుంది, అది న్యాయమే. నేపథ్య సంగీతపు మెళకువలు మాత్రం సహాయకుని చేతికి ఎక్కుతాయి. తరువాతి కాలంలో సత్యం ఎన్ని చిత్రాలైనా వెనుకాడక ఒప్పుకొనగలిగారంటే దానికి మూలం ఈ సహాయకపు సంవత్సరాలే.

ఆ సంవత్సరాలలోనే ప్రపంచ చిత్రసంగీతంలో ఒక మార్పు వచ్చింది. దానిని చెప్పుకొనకుండా సత్యం చేసిన పని అర్థం కాదు. అమెరికా దక్షిణ భాగాన న్యూ ఆర్లియన్స్ నగరంలో, నల్లజాతి వాద్యకారుల నడుమ ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభంలో రూపుదిద్దుకొన్నది జాజ్ సంగీతం. దానిలో ముందుగా వ్రాసుకొన్నది కొంత, అప్పటికప్పుడు అల్లుకొన్నది చాలా. మన కచేరీలలోని మనోధర్మానికి, ఊరేగింపులో సన్నాయివారి విస్తారానికి అలవాటుపడిన చెవికి ఇది మరీ పరాయిది కాదు. సినిమాలలో మొదట దీనిని క్లబ్బు దృశ్యాలకే పరిమితం చేసేవారు. 1950లలో అది కథలోపలికి, నేరస్థుని మనస్సులోపలికి ప్రవేశించింది. 1957 డిసెంబరులో పారిస్ నగరంలో ట్రంపెట్టు విద్వాంసుడు మైల్స్ డేవిస్, లూయీ మాల్ అనే యువ దర్శకుడు తీసిన హత్యకథా చిత్రపు దృశ్యాలను తెరపై చూస్తూ, కొద్దిమంది తోడివారితో ఒక్క రాత్రిలో నేపథ్య సంగీతాన్ని అల్లివేశాడు. 1959లో డ్యూక్ ఎలింగ్టన్ ఒక హత్యానేర విచారణ చిత్రానికి సంగీతం కూర్చాడు. హెన్రీ మాన్సినీ ‘పీటర్ గన్’ అనే టెలివిజన్ డిటెక్టివ్ ధారావాహికకు కట్టిన సంగీతం రికార్డుగా వెలువడి, 1959లో మొట్టమొదటి గ్రామీ పురస్కారాలలో ఆ ఏటి ఉత్తమ ఆల్బంగా నిలిచింది. 1962లో మొదటి జేమ్స్ బాండ్ చిత్రం వచ్చింది. మాంటీ నార్మన్ వ్రాసి, జాన్ బ్యారీ తీర్చిదిద్దిన ఆ గిటారు వరుస వినని ఖండం భూమిమీద లేదంటే అతిశయోక్తి కాదు.

భారతదేశంలో ఈ సంగీతపు పాదులు అంతకుముందే పడి ఉన్నాయి. 1930లలో బొంబాయి, కలకత్తా హోటళ్ళలో విదేశీ జాజ్ బృందాలు వాయించేవి. వారివద్ద చెవి పట్టిన గోవా వాద్యకారులు క్రమంగా సినిమా స్టూడియోలలో ప్రవేశించారు. ‘అల్బేలా’ (1951) చిత్రంలో సి. రామచంద్ర సంగీతానికి చిక్ చాకొలేట్ అనే పేరుతో ప్రసిద్ధుడైన గోవా ట్రంపెట్టు వాద్యకారుడు తోడ్పడిన వైనం చిత్ర చరిత్రలో నమోదైనదే. మద్రాసు స్టూడియోలలోనూ పాశ్చాత్య స్వరలిపి చదవగల వయొలిన్, శాక్సోఫోను, పియానో వాద్యకారులు స్థిరపడ్డారు. వీణ, వేణువు, తబలా, డోలక్ వాయించేవారు ఒకవైపు, ట్రంపెట్టు, గిటారు, డ్రమ్ములు వాయించేవారు మరొకవైపు ఒకే హాలులో కూర్చుండేవారు. వారి నడుమ భాష ఒకటి కాదు, స్వరాలు వ్రాసుకొనే పద్ధతి ఒకటి కాదు. ఆ ఇరువర్గాలనూ ఒక తాళంలో నడిపించగలవాడే ఆనాటి చిత్రసంగీత దర్శకుడు. పల్లెలో తెలుగు, సంతలో ఒడియా, కొండమీద మరొక భాష వింటూ పెరిగిన సరిహద్దువారికి ఇటువంటి నేర్పు సహజంగానే అబ్బుతుందని అనుకొనడంలో కొంత అభిమానం ఉన్నా, పూర్తిగా అసత్యం లేదు.

తెలుగువారికి అపరాధ పరిశోధన కథలపై మోజు సినిమాలతో మొదలు కాలేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ నవలలు రైల్వే స్టేషను దుకాణాలలో వేడివేడిగా అమ్ముడయ్యేవి. ఆ పాఠకులే ప్రేక్షకులయ్యారు. 1966లో కృష్ణ, జయలలిత నటించిన ‘గూఢచారి 116’ విజయవంతమై, కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అనే పేరు తెచ్చిపెట్టింది. దానికి టి. చలపతిరావు సంగీతం సమకూర్చారు. ఆ ఒక్క చిత్రం తెరచిన తలుపు గుండా ఎన్నో చిత్రాలు వచ్చాయి. వాటన్నిటికీ రాత్రివేళ కారు వెంబడింపులు కావాలి, నేలమాళిగ కావాలి, అందులో ఎఱ్ఱ దీపాలు కావాలి, వాటి వెనుక గుండెలదరగొట్టే సంగీతం కావాలి.

సత్యం స్వతంత్రంగా పేరు తెచ్చుకొన్నది తెలుగుకంటే ముందు కన్నడంలో. 1967లో వచ్చిన ‘ఒందే బళ్ళియ హూగళు’ చిత్రంలో ఆయన మహమ్మద్ రఫీ చేత కన్నడంలో పాడించారు. రఫీ కన్నడంలో పాడిన పాట అదొక్కటే. హిందీ చిత్రసీమలో శిఖరాన ఉన్న గాయకుని రప్పించి, అతనికి తెలియని భాషలో, తనకూ మాతృభాష కాని భాషలో పాడించిన ధైర్యం సామాన్యమైనది కాదు. 1968లో ‘పాలమనసులు’ చిత్రంతో తెలుగులో సంగీత దర్శకుడయ్యారు. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో విజయలలిత కథానాయికగా ‘రౌడీరాణి’ వచ్చింది. పగతీర్చుకొనే స్త్రీ చేత తుపాకి పట్టించి, గుర్రం ఎక్కించి దాస్ తీసిన ఆ చిత్రానికి సత్యం సంగీతం చేశారు. వారిద్దరి జోడీ అక్కడ కుదిరింది.

1971వ సంవత్సరం ఈ కథలో ప్రత్యేకమైనది. ఆ ఏడు కె.ఎస్.ఆర్. దాస్ కృష్ణతో రెండు చిత్రాలు తీశారు. ఒకటి కౌబాయ్ చిత్రంగా చరిత్రకెక్కిన ‘మోసగాళ్ళకు మోసగాడు’. దానికి సంగీతం ఆదినారాయణరావు. రెండవది ‘జేమ్స్ బాండ్ 777’. దానికి సంగీతం సత్యం. ఒకే ఏడు, ఒకే దర్శకునికి, ఒకే కథానాయకునికి, గురువు పశ్చిమదేశపు ఎడారి సంగీతాన్ని, శిష్యుడు గూఢచారి సంగీతాన్ని సమకూర్చారు. భక్తి, పౌరాణిక, జానపద చిత్రాలలో పండిన గురువు తన వయస్సు మళ్ళినవేళ ఈల పాటలు, గిటారు మోతల వైపు మరలడం ఒక విశేషం. అదే గదిలో పెరిగిన శిష్యునికి మాత్రం ఆ లోకమే ఇల్లయింది. కథాపరంగా ‘జేమ్స్ బాండ్ 777’ గొప్ప చిత్రమని వాదించడం కష్టం. కాని చిత్రపు నాణ్యతకు, దాని వెనుక పడిన సంగీత శ్రమకు ఎప్పుడూ పొత్తు కుదరదు. బలహీనమైన దృశ్యాన్ని నిలబెట్టే బాధ్యత ఎక్కువగా సంగీతంపైనే పడుతుంది. అందుచేత సామాన్య చిత్రాలకు పనిచేసినవారి శ్రమ, మహత్తర చిత్రాలకు పనిచేసినవారి శ్రమకంటే తక్కువది కాజాలదు.

ఆ శ్రమ ఎటువంటిదో కొంత వివరించాలి. చిత్రీకరణ, కూర్పు, మాటల డబ్బింగు ముగిసిన తరువాత చిత్రం రీరికార్డింగు థియేటరుకు వస్తుంది. ముప్పై అయిదు మిల్లీమీటర్ల ఫిలిం నిమిషానికి తొంభై అడుగుల చొప్పున నడుస్తుంది. వేయి అడుగుల రీలు పదకొండు నిమిషాలు వస్తుంది. పదహారు రీళ్ళ చిత్రమంటే రమారమి మూడు గంటలు. ఒక్కొక్క రీలును తెరపై వేసి చూస్తూ సంగీత దర్శకుడు ఎక్కడ సంగీతం మొదలు కావాలో, ఎక్కడ ఆగాలో క్షణాల లెక్కతో గుర్తు పెట్టుకొంటాడు. తలుపు తెరిచిన క్షణానికి ఒక దెబ్బ, ముఖం కనబడిన క్షణానికి మరొకటి, వాటి నడుమ పధ్నాలుగు సెకండ్లు ఉన్నాయనుకొంటే ఆ పధ్నాలుగు సెకండ్లకు సరిపోయే స్వరాలను అక్కడే కూర్చుండి కట్టాలి. వాద్యకారులు వేచి ఉంటారు. స్టూడియో అద్దె గంటల లెక్కన పెరుగుతూ ఉంటుంది. నిర్మాత విడుదల తేదీని ముందే ప్రకటించి ఉంటాడు. స్వరాలు వ్రాసి పంచగానే ఒకటి రెండుమార్లు వాయించి చూచి, మూడవమారు రికార్డు చేయాలి. బృందమంతా కలిసి ఒకేసారి వాయించవలసిందే గనుక వెనుక వరుసలో ఒక్క వయొలిన్ తప్పినా మళ్ళీ మొదటినుండి ఎత్తుకోవాలి.

అపరాధ చిత్రంలో ఈ పని మరింత సూక్ష్మమైనది. కుటుంబ చిత్రంలో ఏడుపు దృశ్యానికి షెహనాయి, పెండ్లికి నాదస్వరం అని ప్రేక్షకునికీ తెలుసు, వాద్యకారునికీ తెలుసు. అనుమానాన్ని ఏ వాద్యం పలుకుతుంది? ఇక్కడనే జాజ్ అక్కరకు వచ్చింది. ట్రంపెట్టు నోటికి మూత బిగించి వాయిస్తే అది దూరాన ఎవరో గుసగుసలాడినట్లు వినబడుతుంది. డ్రమ్ము మీద కర్రకు బదులు తీగల కుంచెతో రాస్తే ఎవరో మెల్లగా నడుస్తున్న భ్రమ కలుగుతుంది. బేస్ తంత్రులు ఒక్కొక్క మెట్టుగా క్రిందికి దిగుతూ ఉంటే ఏదో జరగబోతున్నదన్న ఆందోళన పుడుతుంది. రాగం పూర్తిగా విప్పకుండా, ఆధార షడ్జం తేల్చకుండా స్వరాలను గాలిలో నిలిపివేయడం దీని మర్మం. మన సంగీతం నేర్చినవారికి ఇది మొదట ఇబ్బందిగా తోస్తుంది, ఎందుకంటే మన చెవి ఎప్పుడూ షడ్జంపై వాలడానికి చూస్తుంది. వాలనీయకుండా ఆపడమే అపరాధ చిత్ర సంగీతం. ఆ పైన నిశ్శబ్దం ఉన్నది. ఎప్పుడు వాయించకూడదో తెలిసినవాడు అందరికంటే గట్టివాడు, కాని డబ్బు చెల్లించిన నిర్మాతకు నిశ్శబ్దాన్ని అమ్మడం మద్రాసులో ఎప్పుడూ సులభం కాలేదు.

ఆ కాలపు సంగీత దర్శకులపై ఒక ఆక్షేపణ వినవస్తుంది. పాశ్చాత్య రికార్డుల నుండి, హిందీ చిత్రాల నుండి వరుసలు దించుకొన్నారన్నది ఆ ఆక్షేపణ. అది నిరాధారం కాదు. ఫలానా ఇంగ్లీషు చిత్రంలో ఉన్నట్లే కావాలని నిర్మాతలు, దర్శకులు కోరడం, సంగీత దర్శకులు సర్దుకొనడం మద్రాసులోను, బొంబాయిలోను సర్వసాధారణం. దానిని గొప్పగా చెప్పుకోనక్కరలేదు. అయితే ఒక వరుసను దించుకొన్నా దాని వాద్యాలు వేరు, వాయించే చేతులు వేరు. డబుల్ బేస్ వలసిన చోట తబలా డగ్గా గుమకాన్ని, డ్రమ్ములు వలసిన చోట డోలక్ దరువును చేర్చినప్పుడు ఆ సంగీతం తెలియకుండానే మన ఊరిది అవుతుంది. విదేశీయులు నేడు ఆసక్తితో వెదకి వింటున్నది ఈ కలయికనే.

సత్యాన్ని తుపాకి చిత్రాల సంగీత దర్శకుడని మాత్రమే తలిస్తే ఆయనకు అన్యాయం చేసినట్లు అవుతుంది. ‘తోటరాముడు’ (1975) లోని బంగారు రంగుల చిలక పాట నేటికీ పెండ్లి పందిళ్ళలో వినబడుతూనే ఉన్నది. ‘ప్రేమలేఖలు’ (1977), ‘కార్తీకదీపం’ (1979) చిత్రాల పాటలు ఆయన లాలిత్యానికి సాక్ష్యాలు. మరొకవైపు ‘దొంగలకు దొంగ’ (1977), ‘ఇద్దరూ అసాధ్యులే’ (1979) వంటి చిత్రాలతో దాస్ జోడీ కొనసాగింది. 1977లో దాస్ కన్నడంలో విష్ణువర్ధన్, రజనీకాంత్ నటించిన ‘సహోదరర సవాల్’ తీశారు. మరుసటి ఏడు అదే కథను కృష్ణ, రజనీకాంత్‌లతో తెలుగులో ‘అన్నదమ్ముల సవాల్’గా తీశారు. రెండింటికీ సత్యమే సంగీతం. ఒకే కథకు, రెండు భాషలలో, రెండు పర్యాయాలు ప్రాణం పోయవలసిన ఇటువంటి పని బహుకొద్దిమందికి ఎదురై ఉంటుంది. 1982లో విష్ణువర్ధన్ డిటెక్టివ్‌గా నటించిన ‘సాహససింహ’ సంగీతమూ ఆయనదే.

1983లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో అంబరీష్ నటించిన ‘తిరుగుబాణ’ కన్నడ చిత్రం వచ్చింది. దానిలో కన్నడ నాడును, భాషను కీర్తించే పాట ఒకటి ఉన్నది. ఆ పాట కర్ణాటకలో రాజ్యోత్సవ సభలలో, పాఠశాలలలో, ఆటో స్టాండులలో పాడుకొనే పాటగా స్థిరపడింది. దానికి వరుస కట్టినది నాగావళి తీరపు తెలుగువాడు, చిత్రం తీసినది నెల్లూరు సీమ తెలుగువాడు, పాడినది ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. భాష పేరిట గీతలు గీచుకొన్న రాష్ట్రాలలో ఒకరి మాతృభాషాభిమానానికి పొరుగువాడు స్వరం సమకూర్చిన ఉదంతమిది. ఇంట్లో ఒక భాష, బడిలో మరొక భాషతో బ్రతికే గంజాం తెలుగువారికి దీని రుచి వేరుగా చెప్పనక్కరలేదు.

1989 జనవరిలో సత్యం కన్నుమూశారు. అరవై కూడా నిండలేదు. అప్పటికి ఇళయరాజా నేపథ్య సంగీతానికి కొత్త ప్రమాణాలు ఏర్పరచి ఉన్నారు. పేరులు పడేటప్పుడు రీరికార్డింగు ఎవరిదని ప్రేక్షకులు చూడడం కూడా మొదలయింది. ఆ గౌరవం సత్యం తరం వారికి చాలావరకు దక్కలేదు.

గౌరవం మాట అటుంచితే, వారి సంగీతమే మిగలని పరిస్థితి ఏర్పడింది. గ్రామఫోను కంపెనీలు పాటలను మాత్రమే రికార్డులుగా అచ్చువేసి అమ్మాయి. నేపథ్య సంగీతానికి అంగడి లేదు. స్టూడియోలో అది అయస్కాంత ఫిలింమీద విడిగా నమోదయ్యేది. ఆ తరువాత మాటలు, చప్పుళ్ళతో కలిపి ఒకే ధ్వనిపట్టీగా చేసి చిత్రంపై ముద్రించేవారు. అయస్కాంత ఫిలిం ఖరీదైనది గనుక పని తీరగానే చెరిపి మరొక చిత్రానికి వాడుకొనడం మామూలు. వాద్యకారుల ముందు పెట్టిన స్వరాల కాగితాలు ఆ సాయంత్రమే చెత్తబుట్టలో పడేవి. కనుక పధ్నాలుగు సెకండ్ల ఆ ట్రంపెట్టు స్వరం నేడు వినాలంటే విలన్ మాటల వెనుక, కారు హారను వెనుక, పాతబడిన ప్రింటు గరగరల వెనుక వెదుక్కోవాలి.

ఇతర దేశాలలో ఇదే సమస్య వచ్చినప్పుడు వారొక మార్గం పట్టారు. పాత చిత్రాల సంగీతాన్ని మరల స్వరలిపిలోకి ఎక్కించి, క్రొత్త వాద్యబృందంతో వాయించి, క్రొత్తగా రికార్డు చేశారు. హెన్రీ మాన్సినీ తన డిటెక్టివ్ సంగీతాన్ని రికార్డు కోసం వేరుగా మళ్ళీ వాయించిన వ్యక్తే. 1972 నుండి లండనులో చార్లెస్ గెర్హార్ట్ హాలీవుడ్ చిత్రాల సంగీతాన్ని వరుసగా తిరిగి రికార్డు చేయించాడు. హంఫ్రీ బోగార్ట్ నటించిన పాత అపరాధ చిత్రాల సంగీతం అలాగే మరల వినబడింది. జాజ్ స్వరాలతో 1955లోనే పేరుపొందిన ఎల్మర్ బెర్న్‌స్టీన్ 1974లో సొంత పూనికతో ఒక సంస్థ పెట్టి, తనవేగాక తోటివారి చిత్ర సంగీతాలను కూడా తిరిగి వాయింపించి, చందాదారులకు పంపాడు. మనదేశంలో కల్యాణ్‌జీ ఆనంద్‌జీ అపరాధ చిత్రాల నేపథ్య సంగీతాన్ని 1990ల చివర అమెరికాలో క్రొత్త తాళాలు జోడించి ఆల్బంగా విడుదల చేస్తే, వేలమైళ్ళ దూరాన కుర్రకారు చెవులు నిక్కించి విన్నారు.

తెలుగు చిత్రాలకు అటువంటి ప్రయత్నం కష్టసాధ్యమే గాని అసాధ్యం కాదు. స్వరాల కాగితాలు లేకున్నా చెవి ఉన్నది. ఒక రీలును నిదానంగా పలుమార్లు విని, మాటల నడుమ ఖాళీలలో వినబడిన స్వరాలను వ్రాసుకొని, వినబడనివాటిని ముందువెనుకల బట్టి పూరించగలవారు విజయనగరం, బరంపురం, విశాఖపట్టణాలలో లేకపోలేదు. పదకొండు నిమిషాల ఒక్క రీలుకు నెలరోజుల శ్రమ పట్టవచ్చు. పెండ్లి బ్యాండులలో ట్రంపెట్టు, క్లారినెట్టు వాయించే మన పల్లెల కళాకారులకు ఈ స్వరాలు కొత్తవి కానేకావు. సత్యం పాటలను వారు దశాబ్దాలుగా ఊరేగింపులలో వాయిస్తూనే ఉన్నారు. పార్వతీపురం దాటి కొమరాడ మార్గంలో సాగే పెండ్లి ఊరేగింపుల బ్యాండులో ఆ బంగారు చిలక పాట వినబడినప్పుడల్లా అది పుట్టినవాని ఊరు పక్కనుంచే పోతున్నది. ఆ పాట చివర ట్రంపెట్టు వాద్యకారుడు తనకు తోచినట్లు రెండు మూడు స్వరాలు అదనంగా అల్లుకొని, ఆ తరువాతనే తరువాతి పాట ఎత్తుకొంటాడు.